‘సాధారణం కంటే వెచ్చన’ అన్నంత మాత్రాన సుపీరియర్ సరస్సు ఒడ్డుకు వసంతం ముందే వస్తుందా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇది. మిషిగన్ ఎగువ ద్వీపకల్పంలోని హోటన్‌లో చదువుకుంటున్న మీరు, మార్చి నుంచి మే దాకా మూడు నెలల వాతావరణ సూచన పటంలో మీ ప్రాంతం మీద లేత నారింజ రంగు చూశారు. ఉష్ణోగ్రత సాధారణం కంటే ఎక్కువగా ఉండే అవకాశం 40 శాతం అని దాని అర్థమని తెలుసుకున్నారు. దాన్ని బట్టి మంచు మార్చిలోనే పోతుందా, చలికాలపు టైర్లు ఇప్పుడే మార్చేయవచ్చా, ఏప్రిల్ చివర స్నాతకోత్సవానికి వచ్చే అమ్మానాన్నలకు ఎలాంటి ఏర్పాట్లు చేయాలి, కుండీలో పెంచుతున్న కరివేపాకు మొక్కను ఎప్పుడు బయట పెట్టవచ్చు అని అడిగారు.

నేను ఈ సరస్సు ఒడ్డున ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను. వాతావరణ శాస్త్రం నా వృత్తి కాదు. కోకోరాస్ అనే స్వచ్ఛంద పరిశీలకుల బృందంలో సభ్యుణ్ణి. పెరట్లో నిలబెట్టిన నాలుగంగుళాల వెడల్పు గొట్టంలో పడిన వాననూ మంచునూ రోజూ ఉదయం ఏడు గంటలకు కొలిచి పంపుతుంటాను. కాబట్టి నేను చెప్పేది కొంత చదివి తెలుసుకున్నది, కొంత చలిలో నిలబడి తెలుసుకున్నది. మొదటి రెండు ప్రశ్నలకు నా జవాబు ‘కాదు’, ‘వద్దు’. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలిస్తే వచ్చే ఏడాది ఈ పటాన్ని మీరే చదువుకోగలుగుతారు.

ముందుగా మాటల సంగతి ఒకటి. మన భాషలో ‘మంచు’ అన్న ఒక్క మాటే తెల్లవారుజామున పొలాల మీద పరుచుకునేదానికీ, ఆకాశం నుంచి రాలేదానికీ, గడ్డకట్టినదానికీ సరిపోతుంది. ఇక్కడ ఆ మూడూ మూడు వేరువేరు బాధలు. అందుచేత ఈ జవాబులో పైనుంచి కురిసేదాన్ని మంచు అనీ, నీరు గట్టిపడితే గడ్డ అనీ, కళ్లకు అడ్డుపడేదాన్ని పొగమంచు అనీ రాస్తాను. డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.

మీరు చూసిన పటాన్ని అమెరికా ప్రభుత్వ వాతావరణ, సముద్ర సంస్థ నోవాలోని క్లైమేట్ ప్రిడిక్షన్ సెంటర్ ప్రతి నెలా మూడో గురువారం విడుదల చేస్తుంది. దాన్ని తయారుచేసే పద్ధతి ఇలా ఉంటుంది. 1991 నుంచి 2020 వరకు గడిచిన ముప్పై వసంతాలను చల్లదనం నుంచి వెచ్చదనం దాకా వరుసగా పేర్చి మూడు గంపల్లో వేస్తారు. పది చల్లనివి, పది నడిమివి, పది వెచ్చనివి. రాబోయే వసంతం గురించి ఏమీ తెలియనప్పుడు అది ఏ గంపలోనైనా పడే అవకాశం 33.3 శాతమే. 40 శాతం అన్నారంటే వెచ్చని గంప వైపు తక్కెడ కొద్దిగా మొగ్గిందని మాత్రమే అర్థం. తక్కిన 60 శాతంలో సుమారు 33 నడిమి గంపకూ, సుమారు 27 చల్లని గంపకూ పోతాయి. అంటే ఈ వసంతం మామూలు కంటే చల్లగా ఉండే అవకాశం ఇంకా నాలుగింట ఒక వంతుకు మించే ఉంది. నాలుగింట ఒకసారి వర్షం పడుతుందని తెలిస్తే మన ఊళ్లో ఎవరూ పైకప్పు లేకుండా పెళ్లి పందిరి వేయరు కదా.

ఈ పటం విషయంలో కొత్తవారు చేసే పొరపాట్లు రెండు కనిపిస్తుంటాయి. రంగు ఎంత ముదురుగా ఉంటే అంత వేడి అనుకోవడం మొదటిది. నిజానికి ముదురు రంగు చెప్పేది నమ్మకం ఎంత బలంగా ఉందని మాత్రమే, ఎన్ని డిగ్రీలు పెరుగుతుందని కాదు. తెల్లగా వదిలిన చోట్ల వాతావరణం ‘సాధారణంగా’ ఉంటుందనుకోవడం రెండోది. అక్కడ మూడు గంపలకూ సమాన అవకాశం ఉందని, ఏ వైపూ మొగ్గు కనిపించలేదని అర్థం.

ఇక ‘సాధారణం’ అంటే ఇక్కడ ఎంతో చూడండి. హోటన్ ప్రాంతంలో పగలూ రాత్రీ కలిపి తీసిన సగటు మార్చిలో సుమారు మైనస్ 4, ఏప్రిల్‌లో సుమారు 3, మేలో సుమారు 10 డిగ్రీలు. మూడు నెలల సగటు వెచ్చని గంపలో పడడానికి ఒక డిగ్రీ అటూఇటుగా పెరిగితే చాలు. మైనస్ 4కు ఒకటి కలిపితే మైనస్ 3. నేల మీద మూడడుగుల మంచు పేరుకున్న చోట మైనస్ 4కూ మైనస్ 3కూ తేడా థర్మామీటరుకే తెలుస్తుంది కానీ మీ వాకిలికి తెలియదు. పైగా మంచు తన మీద పడిన ఎండలో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది. కొత్తగా కురిసినదైతే ఎనభై శాతానికి పైగా. కాబట్టి మంచు ఉన్నంతకాలం నేల వేడెక్కదు, నేల వేడెక్కనంతకాలం మంచు తొందరపడదు. ఇసుకా మట్టీ కలిసి నల్లబడిన రోడ్డు పక్క గుట్టలు ముందుగా కుంగడం మీరు గమనించే ఉంటారు. వాటికి ఎండను తిప్పికొట్టే తెలుపు మిగలకపోవడమే దానికి కారణం.

ఇప్పుడు అసలు సంగతి, సరస్సు. సుపీరియర్ వైశాల్యం సుమారు 82,100 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణ రాష్ట్రంలో దాదాపు ముప్పావు వంతు. సగటు లోతు 147 మీటర్లు, అత్యధిక లోతు 406 మీటర్లు. ఇంత నీరు వసంతంలో వేడెక్కకపోవడానికి పరిమాణం ఒక్కటే కారణం కాదు, నీటి స్వభావం కూడా కారణమే. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది. శీతాకాలం చివర పై పొర 4 కంటే తక్కువలో ఉంటుంది కాబట్టి, ఏప్రిల్ ఎండ దాన్ని కొంచెం వేడి చేయగానే అది బరువెక్కి కిందికి దిగిపోతుంది, దాని స్థానంలోకి అడుగున ఉన్న చల్లని నీరు వస్తుంది. మళ్లీ దాన్ని వేడి చేయాలి, అదీ దిగిపోతుంది. అడుగు దాకా ఉన్న నీరంతా 4 డిగ్రీలకు చేరేంతవరకూ పైన వెచ్చని పొర నిలవదు. ఒడ్డు పక్కన లోతు తక్కువ గనుక అక్కడ ముందే నిలుస్తుంది కానీ, నడి సరస్సులో జూన్ చివర దాకా, ఒక్కోసారి జూలై దాకా ఈ దిగడం, ఎక్కడం సాగుతూనే ఉంటుంది. చిల్లు కుండలో నీళ్లు నింపినట్టుంటుంది ఏప్రిల్ సూర్యుడి పని.

దాని ఫలితం గాలిలో తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో దక్షిణం నుంచి గాలి వీచిన పూట 22 డిగ్రీలు ఉండి, అదే మధ్యాహ్నం గాలి సరస్సు మీది నుంచి వీచడం మొదలవగానే అరగంటలో 7కు పడిపోవడం ఇక్కడ వింత కాదు. మీ హోటన్ ఉన్న కీవినా ద్వీపకల్పానికి మూడు వైపులా నీరే గనుక మీకు దక్షిణపు గాలి తప్ప తక్కినవన్నీ ఏదో ఒక మేరకు సరస్సు గాలులే. సరస్సు పడమటి కొసనున్న డులూత్‌లో తూర్పు గాలి ఈ పని చేస్తుంది, దక్షిణపు ఒడ్డున ఉన్న మార్కెట్ పట్టణంలో (బజారు కాదు, ఊరి పేరే అది) ఉత్తరపు గాలి చేస్తుంది. డులూత్ వాతావరణ వార్తల్లో ‘సరస్సు దగ్గర చల్లగా’ అన్న మాట ఎంత తరచుగా వినిపిస్తుందంటే, అది ఆ ఊరి ఇంటిపేరేమో అనిపిస్తుంది. మూడు నెలల పటం మీద ఒక రంగు మరక నాలుగైదు రాష్ట్రాలను కప్పేస్తుంది. దానికి ఒడ్డు నుంచి పది కిలోమీటర్ల లోపల ఉండే ఈ సన్నని చల్లని పట్టీ కనిపించదు. నేనైతే పటం కంటే ముందు సరస్సును చూస్తాను.

సరస్సులో చూడవలసినది గడ్డ ఎంత ఉందని. అయిదు మహా సరస్సులూ కలిపి చూస్తే, ఏడాదిలో గడ్డ అత్యధికంగా పరుచుకున్న రోజున అది కప్పే భాగం సగటున 53 శాతం దాకా ఉంటుంది. 1979లో అది 94.7 శాతానికి, 2014 మార్చిలో 92.5 శాతానికి చేరింది. దానికి పూర్తిగా ఎదురు, 2024 ఫిబ్రవరి 11న 2.7 శాతమే ఉంది. ఆ చలికాలం బలమైన ఎల్ నినో కాలం (అంటే ఏమిటో కింద చెబుతాను). కాల్యుమెట్ నుంచి మార్చి మొదటి వారాంతంలో బయలుదేరే కాపర్‌డాగ్ అనే కుక్కల బండ్ల పందాన్ని మంచు లేక ఆ ఏడాది రద్దు చేశారు. 2014లో మాత్రం మే నెలాఖరు సెలవులకు మార్కెట్ బీచికి వెళ్లినవారు నీళ్లలో తేలుతున్న గడ్డల మధ్య ఫొటోలు దిగారు, జూన్ మొదటి రోజుల దాకా సరస్సులో గడ్డ ముక్కలు మిగిలాయి. గడ్డ కరగడానికి కావలసిన వేడంతా గాలి నుంచీ ఎండ నుంచే పోవాలి. అందుకే గడ్డ ఎక్కువ ఉన్న ఏడాది ఒడ్డున వసంతం ఆలస్యమవుతుంది, పటం ఏ రంగులో ఉన్నా సరే.

అయితే గడ్డ లేకపోతే అంతా సుఖమని అనుకోకండి. ఇక్కడ జనవరిలో రోజుల తరబడి రాలే మంచు, ఉత్తరపు చల్లగాలి తెరుచుకున్న నీటి మీదుగా వస్తూ తేమను ఎత్తుకోవడం వల్ల తయారవుతుంది. నీటికీ, పైన కిలోమీటరున్నర ఎత్తులోని గాలికీ మధ్య 13 డిగ్రీల తేడా ఉంటే అది చక్కగా సాగుతుంది. మార్చి వచ్చేసరికి నీరు ఏడాదిలోకెల్లా చల్లగా ఉంటుంది, గాలి మెల్లగా వెచ్చబడుతుంది, తేడా తగ్గుతుంది, ఆ రకం మంచు పలచబడుతుంది. కానీ నీరు తెరిచి ఉన్న ఏడాది మార్చిలో గట్టి చలిగాలి ఒక్కసారి దిగిందంటే మళ్లీ మొదలవుతుంది. కీవినా జిల్లాలో 1978–79 చలికాలంలో కురిసిన 390.4 అంగుళాల లెక్కను రోడ్డు పక్కన నిలువెత్తు కొలబద్దలా నిలబెట్టిన బోర్డు మీద చూసే ఉంటారు. అంత మంచు ఒకటి రెండు తుపానుల వల్ల రాదు, నెలల తరబడి ఆగని సన్నపాటి రాలుడు వల్ల వస్తుంది.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకో రకం. కొలరాడో వైపు నుంచీ, టెక్సస్ ఉత్తరపు కొస, ఓక్లహోమా పడమటి కొసల నుంచీ పుట్టి ఈశాన్యంగా తిరిగి వచ్చే పెద్ద అల్పపీడనాలు దక్షిణ సముద్రపు తేమను మోసుకొస్తాయి. వాటికి మూడు నెలల సగటుతో పని లేదు, ఒక్కొక్కటి రెండు రోజుల్లో వచ్చి పోతుంది. 2018 ఏప్రిల్ 13 నుంచి 15 వరకు అలా వచ్చిన ఒకటి గ్రీన్ బేలో దాదాపు రెండడుగుల మంచు కురిపించింది. 2023 ఏప్రిల్ రెండో వారంలో మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో ఎండ వేసవిని తలపించింది. అదే ఏడాది మే 1న మార్కెట్‌కు పడమరగా గుట్ట మీదున్న నేషనల్ వెదర్ సర్వీస్ కార్యాలయం దగ్గర ఒక్క రోజులో దాదాపు 20 అంగుళాల మంచు పడింది. 2025 మార్చి 28 నుంచి 30 వరకు మిషిగన్ రెండు ద్వీపకల్పాలను కలిపే మాకినా వంతెనకు దక్షిణాన గేలార్డ్, అల్పీనా చుట్టుపక్కల తగిలిన చోటల్లా గడ్డకట్టే వాన కురిసి చెట్లూ కరెంటు స్తంభాలూ కూలాయి, చాలా ఇళ్లకు రోజుల తరబడి విద్యుత్తు లేదు, పైనుంచి గడ్డలు రాలుతున్నందువల్ల ఆ వంతెనను పదేపదే మూసివేశారు. ఆ ఆదివారం మనకు ఉగాది. పంచాంగం ప్రకారం వసంత ఋతువు ఆ రోజే మొదలైంది.

వెచ్చని వసంతం కూడా ఇక్కడ హాని చేయగలదని 2012 చూపింది. ఆ మార్చి నెల మూడో వారంలో మిషిగన్ ఉత్తర భాగంలోని పెల్‌స్టన్‌లో 29 డిగ్రీలు దాటింది. ట్రావర్స్ సిటీ చుట్టూ ఉన్న చెర్రీ తోటలు వారాల ముందే మొగ్గ విప్పాయి. ఏప్రిల్‌లో రాత్రి చలి మామూలుగానే, ఏ వింతా లేకుండానే వచ్చి ఆ మొగ్గలను మాడ్చేసింది. రాష్ట్రంలో పుల్ల చెర్రీ పంట సుమారు తొంభై శాతం పోయింది. ఆ వసంతం కచ్చితంగా వెచ్చని గంపలోనే పడింది. తోటల యజమానులకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఎల్ నినో, లా నినాల గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు అడుగుతారు గనుక క్లుప్తంగా చెబుతాను. పసిఫిక్ మహాసముద్రపు మధ్య, తూర్పు భాగాల నీరు వెచ్చబడితే ఉత్తర రాష్ట్రాల్లో చలికాలం మెత్తబడే మొగ్గు ఉంటుంది, చల్లబడితే చలి ముదిరే మొగ్గు ఉంటుంది. మార్చి దాటాక ఆ పట్టు సడలుతుంది. ఆపై నెలల్లో పసిఫిక్ ఎటు తిరుగుతుందో ముందుగా చెప్పడం కూడా ఏడాదిలో అన్నిటికంటే కష్టమైనది ఈ మార్చి, మే నెలల మధ్యనే. కాబట్టి వసంతపు సూచనలో నమ్మదగిన మొగ్గు చాలావరకు దీర్ఘకాలంగా సాగుతున్న వేడెక్కుడు నుంచి వస్తుంది. అది పదేళ్ల లెక్కలో నిజమే, ఒక ఏప్రిల్ లెక్కలో దాన్ని నమ్ముకుని టైర్లు మార్చలేం.

టైర్ల మాట వచ్చింది కాబట్టి, నా కథ ఒకటి చెప్పాలి. ఇక్కడ నా రెండో ఏడాది మార్చి మూడో వారంలో నాలుగు రోజులు ఎండ కాసింది. గ్యారేజీలో రద్దీ పెరగకముందే పని ముగించుకుందామని చలికాలపు టైర్లు తీయించేశాను. ఏప్రిల్ రెండో వారంలో, ఆఫీసుకు వెళుతూ, పగలు కరిగి రాత్రి మళ్లీ బిగిసిన గడ్డ మీద కారు మెల్లగా, ఎంతో మర్యాదగా, పక్క కాలువలోకి దిగింది. నాకు దెబ్బ తగలలేదు. కారును పైకి లాగించడానికి అయిన ఖర్చు టైర్లు మార్పించిన ఖర్చుకు మూడింతలు. అప్పటి నుంచి నేను పాటించేది ఇది: తెల్లవారుజాము ఉష్ణోగ్రత వరుసగా వారం పాటు 7 డిగ్రీలకు పైన ఉన్నాక మారుస్తాను. కీవినాలో అది మే నెలలో వస్తుంది, ఒక్కోసారి మే సగం గడిచాక. ఇక్కడి రోడ్ల మీద ఉప్పు కంటే ఇసుక ఎక్కువ వాడతారు, మైనస్ 9 కిందికి పోతే ఉప్పు సరిగా పనిచేయదు గనుక. ఆ ఇసుక వసంతంలో పొడి రోడ్డు మలుపుల్లో గోలీల్లా మిగిలిపోతుంది, దాని మీదా జారుతారు. నేలలోని గడ్డ కరిగి రోడ్లు మెత్తబడే వారాల్లో బరువు లారీలకు ఇరుసు బరువు 25 నుంచి 35 శాతం తగ్గించాలన్న నిబంధన కూడా వస్తుంది. ఇల్లు మారే ఆలోచన ఉంటే పెద్ద లారీ మాట్లాడేముందు అది అడగండి.

వసంతపు మంచు బరువు గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇది నేను చేత్తో కొలిచినది. జనవరిలో సరస్సు మీద నుంచి వచ్చే మంచు దూదిలా ఉంటుంది. పాతిక అంగుళాలు కరిగిస్తే ఒక అంగుళం నీరు వస్తుంది. ఏప్రిల్ తుపాను మంచును ఎనిమిది అంగుళాలు కరిగిస్తే చాలు, అంతే నీరు. మూడు మీటర్ల వెడల్పూ అయిదు మీటర్ల పొడవూ ఉన్న కారు జాగాలో పదేసి అంగుళాలు పడ్డాయనుకుందాం. జనవరి మంచైతే 150 కిలోలు ఎత్తిపోయాలి, ఏప్రిల్ మంచైతే 475 కిలోలు. చూడడానికి రెండూ ఒక్కలాగే తెల్లగా ఉంటాయి. ఏప్రిల్‌లో నడుము పట్టేసిన కుర్రవాళ్లను ఎందరినో చూశాను. పార నిండా ఎత్తకండి, తోసుకుపోయే స్కూప్ వాడండి, మధ్యలో ఆగండి. ఇంటి వెనక గోడలో నుంచి బయటికి వచ్చే హీటరు పొగగొట్టం తడిమంచుతో మూసుకుపోలేదా అని ప్రతి తుపాను తర్వాతా చూడండి. ఆ గొట్టం మూసుకుంటే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే తిరుగుతుంది, దానికి వాసన ఉండదు. విద్యార్థుల అద్దె ఇళ్లలో ఆ బాధ్యత ఎవరిదన్న వాదన తర్వాత చేసుకోవచ్చు, ముందు గొట్టం చుట్టూ మంచు తీసేయండి.

హోటన్, హాన్‌కాక్ మధ్యనున్న కాలువ మీద చలికాలమంతా మీరు నడిచి ఉంటారు. మార్చి రెండో సగం నుంచి దయచేసి మానుకోండి. వసంతంలో గడ్డ మందం తగ్గకముందే బలం పోతుంది. ఎండకు లోలోపల నిలువు కడ్డీలుగా విడిపోయి, అడుగున్నర మందం ఉన్నా కొవ్వొత్తుల కట్టలా కాలికింద విరిగిపోతుంది. నల్లగా, బూడిదరంగులో కనబడితే అది ఆ స్థితిలో ఉన్నట్టే. మే నెలలో పైన గాలి 20 డిగ్రీలున్నా నీరు మూడు నాలుగు డిగ్రీల్లోనే ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోండి. అంత చల్లని నీటిలో పడిన మనిషికి మొదటి నిమిషంలో ఊపిరి తన వశంలో ఉండదు, ఈత వచ్చినా రాకున్నా ఒకటే.

ఇక అమ్మానాన్నలు. ఏప్రిల్ చివర గుంటూరులో 42 డిగ్రీల ఎండలో విమానం ఎక్కి ఇక్కడ 2 డిగ్రీల్లో దిగుతారు. స్నాతకోత్సవం తేదీ మీ చేతిలో లేదు కాబట్టి రమ్మనండి. అయితే కనీసం రెండు రోజుల ముందే చేరేలా వారి ప్రయాణం పెట్టండి. చికాగో నుంచి మన ఊరి విమానాశ్రయానికి వచ్చే చిన్న విమానం వసంతంలో మంచు కంటే పొగమంచు వల్ల ఎక్కువ ఇబ్బంది పడుతుందని నా అనుభవం. దక్షిణపు తేమగాలి చల్లని సరస్సు మీద పరుచుకోగానే కళ్లు కనబడనంత దట్టంగా కమ్ముతుంది. పెద్దవారికి చలి కంటే జారుడే ప్రమాదం. పగలు కరిగిన నీరు మెట్ల మీద రాత్రి గడ్డకడుతుంది, తెల్లవారి అది తడిలా కనిపిస్తుంది కానీ తడి కాదు. ఉదయపు నడక అలవాటున్న నాన్నగారిని పది గంటల దాకా ఆపండి, బూట్ల కింద తగిలించుకునే ముళ్ల రబ్బరు పట్టీలు రెండు జతలు కొనిపెట్టండి. బూట్లు నీరు చొరనివి కావాలి. ఏప్రిల్‌లో వీధుల్లో ఉండేది మంచు కాదు, మంచుతో చేసిన జావ. లావాటి కోటు ఒకటి కంటే పలుచని ఉన్ని బట్టలు రెండు పొరలూ, పైన గాలి చొరని జాకెట్టూ మేలు. నెలాఖరుకు ఇక్కడ పొద్దు రాత్రి తొమ్మిదికి అటూఇటుగా గుంకుతుంది, సంధ్యాదీపం ఎప్పుడు పెట్టాలని అమ్మగారు తప్పకుండా అడుగుతారు. కాపర్ హార్బర్ పైనున్న బ్రాక్‌వే కొండ రోడ్డు చూపిద్దామనుకుంటే అది ఏప్రిల్‌లో తెరుచుకుంటుందని ఆశ పెట్టుకోకండి. వారు ఎలాగూ కొన్ని నెలలు ఉండగలిగితే, చూడవలసినవన్నీ జూన్ నెలాఖరుకు వదిలేయండి.

కరివేపాకు విషయంలో నాది కఠినమైన అభిప్రాయం. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగదని తేలేదాకా ఆ మొక్క కిటికీ లోపలే ఉండాలి, అంటే ఇక్కడ జూన్ మొదటి వారం దాటాలి. నా మొదటి మొక్క మే 20 తర్వాత ఒక్క రాత్రి ఉత్తరపు గాలికి ఆకులన్నీ రాల్చేసింది. ఆ మధ్యాహ్నమే నేను ఒంటి మీద చొక్కాతోనే కూర్చుని దాని పక్కన టీ తాగాను. ఒడ్డుకు ఆనుకున్న చోట్ల సరస్సు పుణ్యాన మే చివర రాత్రులు మరీ గడ్డకట్టవు, లోపలి లోయల్లో జూన్ మొదట్లో కూడా గడ్డకట్టవచ్చు. మీ ఇల్లు ఎక్కడుందో దాన్ని బట్టి ఒక వారం అటూఇటూ చూసుకోండి.

ఈ ప్రశ్న చదువుతున్న వేరే ఊళ్ల వారికి రెండు మాటలు. మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న మిల్వాకీ, చికాగోల్లో చల్లబరిచేది తూర్పు గాలి. ఒడ్డున ఉన్నవారికీ, పదిహేను మైళ్లు లోపల ఉన్నవారికీ ఏప్రిల్ రెండు వేరు నెలలు. ఎదుటి ఒడ్డున మస్కీగన్, గ్రాండ్ హేవన్ వైపు పడమటి గాలి ఆ పని చేస్తుంది. బఫలో వారు ఈరీ సరస్సులో గడ్డను చూసుకోవాలి. అది అయిదింటిలో లోతు తక్కువది, సగటు 19 మీటర్లే, త్వరగా గడ్డకట్టి త్వరగా కరుగుతుంది. ఆ సరస్సు నుంచి నయాగరా నది మొదలయ్యే చోట గడ్డను ఆపడానికి చలికాలంలో కట్టే ఇనుప తెప్పల వరసను, తూర్పు కొసన 250 చదరపు మైళ్లకు మించి గడ్డ మిగలని పక్షంలో ఏప్రిల్ 1కల్లా తీయడం మొదలుపెడతారు. అది తీశారంటే ఆ ఊరికి వసంతం దగ్గరపడినట్టే.

మనకు అలాంటి గుర్తులు మూడు నాలుగు ఉన్నాయి, నేను పటాల కంటే వాటినే ఎక్కువ నమ్ముతాను. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు కుదిరితే మేపుల్ చెట్లకు పాలు దిగడం మొదలవుతుంది. నలభై లీటర్ల ఆ నీటిని కాస్తే ఒక లీటరు పాకం వస్తుంది. అది మొదలైందంటే చలి వెన్ను విరిగిందని అర్థం కానీ, మంచు అయిపోయిందని కాదు. సుపీరియర్‌కూ కింది సరస్సులకూ మధ్య ఓడలను ఎత్తి దించే జలద్వారాలు, సూ లాక్స్, మార్చి 25న తెరుచుకుంటాయి, అయితే అది వాతావరణాన్ని బట్టి కాదు, పంచాంగంలా తేదీని బట్టి. హోటన్, హాన్‌కాక్‌లను కలిపే మన ఎత్తే వంతెన చలికాలంలో నడిమి ఎత్తులో ఆగి, కింది అంతస్తు మంచు బళ్లకు వదిలేస్తుంది. పడవల కోసం అది మళ్లీ కదలడం మొదలైతే అప్పుడు నేను పారను ఇంటి వెనక్కి మారుస్తాను, గ్యారేజీలోకి మాత్రం మే 10 దాకా పెట్టను.

మూడు నెలల పటాన్ని ఇక పక్కన పెట్టండి. మార్చి చివరి రోజున ఏప్రిల్ నెల సూచనను సవరించి మళ్లీ ఇస్తారు, అది చూడండి. అమ్మానాన్నల ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచి రోజూ వచ్చే 8–14 రోజుల సూచననూ, చివరి వారంలో మార్కెట్ కార్యాలయం వారు రోజుకు రెండు మూడు సార్లు రాసే వివరణనూ చదవండి. అందులో వారు ఏది గట్టిగా నమ్ముతున్నారో, దేన్ని గురించి సందేహిస్తున్నారో మామూలు వాక్యాల్లో ఉంటుంది. గాలి దిశ దగ్గర ఉత్తరమనో, ఈశాన్యమనో కనబడితే, పక్కన ఎన్ని డిగ్రీలని రాసి ఉన్నా, విమానాశ్రయానికి అదనపు జాకెట్టు తీసుకుని వెళ్లండి.